గ్యాస్‌ను ఆరబెట్టే అధిశోషణ టవర్: పైలట్ కాలమ్ కొలతల నుంచి ప్లాంట్ సైజుకు వెళ్లే పద్ధతి

పైలట్ కాలమ్‌గా, అంటే పరీక్ష కోసం కట్టే చిన్న టవర్‌గా, నాలుగు అంగుళాల పైపులో యాక్టివేటెడ్ అల్యూమినా (నీటి ఆవిరిని తన రంధ్రాల్లో పట్టుకునే పదార్థం) గోళీలు నింపి, తడి గాలిని పంపి, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగానో మంచుగానో మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మీటరు కదిలేదాకా ఎన్ని గంటలు పట్టిందో రాసుకున్నాక, ఆ గంటలను బెడ్ (నింపిన గోళీల రాశి) బరువుల నిష్పత్తితో హెచ్చవేస్తే ప్లాంట్ టవర్ కొలతలు వచ్చేస్తాయన్న నమ్మకం ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఇంజనీర్లలో గట్టిగా ఉంటుంది. ఆ లెక్క ఒకోసారి అవసరానికి మించిన టవర్‌ను ఇస్తుంది, ఒకోసారి అనుకున్న సమయంలో సగానికే తడి గాలిని వదిలేసే టవర్‌ను ఇస్తుంది. ఏది ఎప్పుడు జరుగుతుందో ముందే తెలియాలంటే, చిన్న కాలమ్‌లో కొలిచినవాటిలో ఏవి ఉన్నవి ఉన్నట్టుగా పెద్ద టవర్‌కు వర్తిస్తాయో, ఏవి వర్తించవో విడదీసి చూడాలి. కంప్రెస్డ్ ఎయిర్ డ్రయ్యర్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ పని ఇక్కడ చేద్దాం. సహజవాయువుకైనా నైట్రోజన్‌కైనా అంకెలు మారతాయి గాని పద్ధతి ఇదే.

ముందు నీటి లెక్క

గంటకు 1000 నార్మల్ ఘనపు మీటర్ల (0 డిగ్రీలు, వాతావరణ పీడనం దగ్గరి పరిమాణం) గాలి, 7 బార్ గేజ్ పీడనం (వాతావరణ పీడనానికి పైన), 40 డిగ్రీల ఉష్ణోగ్రత, పూర్తిగా ఆవిరితో సంతృప్తం అనుకుందాం. కావలసింది మైనస్ 40 డిగ్రీల ప్రెషర్ డ్యూ పాయింట్, అంటే లైను పీడనం దగ్గరే కొలిచిన డ్యూ పాయింట్. ఐఎస్ఓ 8573-1 ప్రమాణంలో నీటికి సంబంధించి ఇది 2వ తరగతి. 40 డిగ్రీల దగ్గర నీటి సంతృప్త ఆవిరి పీడనం 7.38 కిలోపాస్కల్‌లు, మొత్తం పీడనం 801 కిలోపాస్కల్‌లు కాబట్టి గాలిలో నీటి వాటా 0.92 శాతం అవుతుంది. అంటే ఒక నార్మల్ ఘనపు మీటరుకు 7.46 గ్రాములు, గంటకు 7.46 కిలోలు.

ఈ అంకెను ఏ రోజు పరిస్థితికి కట్టామన్నది మిగతా డిజైన్ మొత్తాన్ని నిర్ణయిస్తుంది. లోపలికి వచ్చే గాలి 40 కాక 45 డిగ్రీలుంటే నీరు 9.74 గ్రాములకు పెరుగుతుంది. అయిదు డిగ్రీలకే ముప్పై శాతం అదనపు భారం. గాలి 40 డిగ్రీల దగ్గరే ఉండి, లైను పీడనం 7 నుంచి 5 బార్‌కు పడిపోయినా భారం 10 గ్రాముల దాకా వస్తుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం గాలితో చల్లబడే ఆఫ్టర్‌కూలర్ (కంప్రెసర్ తర్వాత గాలిని చల్లబరిచే పరికరం) నుంచి వచ్చే గాలి వేడి, జనవరిలో వచ్చే వేడి ఒకటి కావు. అందువల్ల సగటు రోజును పక్కన పెట్టి, ఏడాదిలో అత్యంత వేడి రోజునీ అత్యల్ప పీడనాన్నీ కలిపి లెక్క కట్టాలి. సౌలభ్యం కోసం ఈ ఉదాహరణలో 40 డిగ్రీలే అత్యంత వేడి రోజు అనుకుంటున్నాను.

డ్యూ పాయింట్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 8 బార్ నిరపేక్ష పీడనం దగ్గర మైనస్ 40 అంటే గాలిలో నీరు పది లక్షలకు 16 వంతులు. అదే గాలిని వాతావరణ పీడనానికి వదిలి కొలిస్తే మీటరు సుమారు మైనస్ 57 చూపిస్తుంది. పైలట్‌లో ఒక పీడనం దగ్గర, ప్లాంట్‌లో మరో పీడనం దగ్గర కొలిచి రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఆ పోలికకు అర్థం ఉండదు.

పైలట్ కాలమ్‌లో మారకూడనివి

పెద్ద టవర్‌లో వాడబోయే గోళీ సైజునే పైలట్‌లోనూ వాడాలి. గోళీ చిన్నదైతే నీటి ఆవిరి లోపలి రంధ్రాల్లోకి చేరే దారి తగ్గి, పనితీరు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ఖాళీ టవర్ అడ్డకోతను బట్టి కట్టే గ్యాస్ వేగం, పీడనం, లోపలికి వచ్చే తేమ, ఉష్ణోగ్రత కూడా ప్లాంట్‌లో ఉన్నట్టే ఉండాలి. కాలమ్ వ్యాసం గోళీ వ్యాసానికి కనీసం ఇరవై రెట్లు ఉండాలి, ఎందుకంటే గోడ పక్కన గోళీలు ఒద్దికగా సర్దుకోక ఖాళీలు ఎక్కువగా మిగులుతాయి, సన్నని గొట్టంలో ఆ ఖాళీల గుండా గ్యాస్ పక్కదారి పడుతుంది. 3 మిల్లీమీటర్ల గోళీలకు 100 మిల్లీమీటర్ల కాలమ్ అంటే ముప్పై మూడు రెట్లు, అది సరిపోతుంది.

సెకనుకు 0.2 మీటర్ల వేగం ఎంచుకుంటే ఈ కాలమ్‌కు గంటకు 39 నార్మల్ ఘనపు మీటర్ల గాలి కావాలి. బెడ్ ఎత్తు 1.2 మీటర్లు, అల్యూమినా బరువు సుమారు 7.3 కిలోలు.

కొత్త డబ్బాలోంచి తీసి, ఓవెన్‌లో బాగా కాల్చి నింపిన అల్యూమినా మొదటి సైకిల్‌లో ఇచ్చే ఫలితాన్ని డిజైన్‌కు వాడకూడదు. ప్లాంట్‌లో ఏ వేడితో, ఎంత సేపు రీజనరేషన్ (బెడ్ పట్టిన నీటిని వేడి గాలితో వెళ్లగొట్టడం) చేయబోతున్నామో సరిగ్గా అదే పద్ధతిలో పైలట్‌నూ నడిపి, వరుసగా వచ్చే సైకిళ్లలో బ్రేక్‌త్రూ సమయం (బెడ్ చివర తేమ కనబడేదాకా పట్టే సమయం) మారకుండా నిలకడకు వచ్చాకే అంకె రాసుకోవాలి. రీజనరేషన్ తర్వాత బెడ్‌లో కొంత నీరు ఎప్పుడూ మిగిలిపోతుంది. నిజంగా పనికొచ్చే సామర్థ్యం ఆ మిగులును తీసేయగా వచ్చేదే.

వేడి: చిన్న కాలమ్ తప్పు చెప్పేది ఇక్కడే

నీటి ఆవిరి అల్యూమినాను పట్టుకున్నప్పుడు కిలో నీటికి సుమారు 2,900 కిలోజౌల్‌ల వేడి విడుదలవుతుంది. మాలిక్యులర్ సీవ్ (అతి సన్నని రంధ్రాలుండే మరో అధిశోషకం) అయితే 4,200 దాకా వస్తుంది. మన ఉదాహరణలో నార్మల్ ఘనపు మీటరుకు 7.46 గ్రాముల నీరు ఇచ్చే వేడి 21.6 కిలోజౌల్‌లు. అంత గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.3 కిలోజౌల్‌లు కావాలి కాబట్టి, వేడి ఎటూ పోకపోతే గాలి 16 నుంచి 17 డిగ్రీలు వేడెక్కి, 57 డిగ్రీల దగ్గర బయటకు రావాలి. బెడ్ వేడెక్కినకొద్దీ నీటిని పట్టే శక్తి తగ్గుతుంది. కాబట్టి పెద్ద టవర్‌లో నిజంగా పనిచేసే అల్యూమినా 40 డిగ్రీల దగ్గర ఉండే అల్యూమినా కాదు, 57 డిగ్రీల దగ్గర ఉండే అల్యూమినా.

ఇప్పుడు పైలట్ కాలమ్‌ను దగ్గరగా చూద్దాం. మామూలు షెడ్యూల్ 40 (గోడ మందాన్ని చెప్పే తరగతి) నాలుగంగుళాల ఉక్కు పైపు మీటరుకు 16 కిలోల బరువుంటుంది. 1.2 మీటర్ల పైపు 19 కిలోలకు పైమాటే, దాని లోపలి అల్యూమినా 7.3 కిలోలు. అంటే వేడిని దాచుకునే శక్తిలో గోడే బెడ్‌ను మించిపోతోంది. ప్లాంట్‌లో అర మీటరు వ్యాసం, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న టవర్‌లో షెల్ ఉక్కు సుమారు 280 కిలోలు, అల్యూమినా 430 కిలోలు, నిష్పత్తి తలకిందులైంది. పైగా ఒక ఘనపు మీటరు బెడ్‌కు పైలట్‌లో 40 చదరపు మీటర్ల గోడ ఉంటే ప్లాంట్ టవర్‌లో 8 మాత్రమే ఉంటుంది. చిన్న కాలమ్ వేడిని గోడలోకి గుంజుకుని బయటికి వదిలేస్తుంది. పెద్ద టవర్‌కు ఆ దారి దాదాపు లేదు.

నేను చూసిన ఒక పరీక్షలో ఇన్సులేషన్ లేని పైపును ఫ్యాన్ ఎదురుగా నిలబెట్టారు. బయటికి వచ్చే గాలి 46 డిగ్రీలు దాటలేదు, బ్రేక్‌త్రూ సమయం చాలా గొప్పగా వచ్చింది, అందరూ సంతోషించారు. లెక్క ప్రకారం రావలసిన 57కూ, వచ్చిన 46కూ మధ్య ఉన్న పదకొండు డిగ్రీల గురించి ఎవరూ అడగలేదు. అందుకే పైలట్ నివేదిక చేతికి రాగానే నేను బ్రేక్‌త్రూ గ్రాఫ్ కన్నా ముందు థెర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) రీడింగులు చూస్తాను. బెడ్ మధ్యలో కనీసం నాలుగు ఎత్తుల దగ్గర, గోడ దగ్గర కనీసం రెండు చోట్ల థెర్మోకపుల్‌లు ఉండాలి. పైపుకు మందపాటి ఇన్సులేషన్ వేయాలి; వీలైతే గోడ వెంబడి హీట్ ట్రేసింగ్ (కరెంటుతో వేడెక్కే తీగ) చుట్టి, బెడ్ మధ్య ఉష్ణోగ్రత ఎంతుంటే గోడను అంతే ఉంచేలా నియంత్రించాలి. గోడకూ మధ్యకూ తేడా రెండు మూడు డిగ్రీలకు మించితే, ఆ పరీక్షలో వచ్చిన సామర్థ్యాన్ని పెద్ద టవర్‌కు వాడవద్దు.

వాడకంలోకి రాని బెడ్ పొడవు

లోపలికి వచ్చిన తేమ బెడ్ అంతటా ఒకేసారి పరుచుకోదు. ప్రవేశం దగ్గర సంతృప్తమైన భాగం, దాని ముందు నీరు ఇంకా ఎక్కుతున్న పట్టీ, ఆ తర్వాత పొడి భాగం ఉంటాయి. ఆ పట్టీని ద్రవ్య బదిలీ మండలం అంటారు. అల్యూమినా, మాలిక్యులర్ సీవ్ వంటి వాటిలో ఈ పట్టీ కొంత దూరం పోయాక ఆకారం మారకుండా, నిలకడైన వేగంతో కిందికి జరుగుతుంది. పట్టీ కొస బెడ్ చివరను తాకిన క్షణమే బ్రేక్‌త్రూ. అప్పటికి పట్టీలోని గోళీలు సగం ఖాళీగానే ఉంటాయి. ఆ ఖాళీని పొడవుగా మార్చి చెప్పేదే వాడకంలోకి రాని పొడవు. అది బెడ్ మొత్తం ఎత్తు మీద ఆధారపడదు. వేగం, గోళీ సైజు, ఉష్ణోగ్రత, తేమ మారనంత కాలం 1.2 మీటర్ల కాలమ్‌లో ఎంతో, 3 మీటర్ల టవర్‌లోనూ అంతే. స్కేల్ అప్ అంతా ఈ ఒక్క వాస్తవం మీద నిలబడి ఉంది.

ఉదాహరణకు పైలట్‌లో బ్రేక్‌త్రూ 3.3 గంటలకు వచ్చిందనీ, బయటికి వచ్చే తేమను సమయంతో గీసిన గ్రాఫ్‌లో గీతకు పైనున్న వైశాల్యం నుంచి లెక్కగట్టిన సంతృప్త సమయం 4.5 గంటలనీ అనుకుందాం. వాడకంలోకి రాని పొడవు: 1.2 × (1 − 3.3 ÷ 4.5) = 0.32 మీటర్లు. సంతృప్త భాగం జరిగే వేగం: 1.2 ÷ 4.5 = గంటకు 0.267 మీటర్లు. ప్లాంట్‌లో రెండు టవర్లు వంతులవారీగా, ఒకటి ఆరబెడుతుంటే మరొకటి రీజనరేషన్‌లో ఉంటూ, ఒక్కొక్కటి 6 గంటలు పనిచేయాలంటే సంతృప్త భాగానికి 1.6 మీటర్లు, దానికి 0.32 కలిపి 1.92 మీటర్లు కావాలి.

బ్రేక్‌త్రూ సమయాన్ని నేరుగా హెచ్చవేసినవారికి ఇదే పనికి 2.18 మీటర్లు వస్తుంది. కొంత ఖర్చు వృథా అయినా ప్రమాదం లేదు. కేటలాగ్‌లోని సంతృప్త సామర్థ్యాన్ని మాత్రమే నమ్మినవారు 1.6 మీటర్ల బెడ్ కడతారు, అది 4.8 గంటలకే తడి గాలిని వదులుతుంది. అసలు ముప్పు పైలట్ కన్నా పొట్టి బెడ్ కట్టేటప్పుడు వస్తుంది. త్వరగా మారే సైకిల్ కోసం అర మీటరు బెడ్ చాలనుకుని నేరుగా లెక్కిస్తే 1.37 గంటలు వస్తుంది, నిజంగా వచ్చేది 0.68 గంట. ఎందుకంటే ఆ అర మీటరులో 0.32 మీటర్లు పట్టీకే పోయింది.

1.92 మీటర్లు కొత్త అల్యూమినాకు సరిపోయే ఎత్తు. వందల సార్లు వేడెక్కి చల్లబడి, కొంత నూనె తాకి, దాని సామర్థ్యం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. జీవితకాలం చివరికి మొదటి సామర్థ్యంలో 65 శాతం మిగులుతుందని నేను లెక్కలోకి తీసుకుంటాను. ఆ తగ్గింపును సంతృప్త భాగానికి వేయాలి: 1.6 ÷ 0.65 = 2.46, దానికి 0.32 కలిపితే 2.78 మీటర్లు. గాలిలో నూనె ఎక్కువైతే పట్టీ పొడవు కూడా పెరుగుతుంది, అయితే దాన్ని బెడ్ ఎత్తు పెంచి ఎదుర్కోవడం తప్పుదారి. డ్రయ్యర్ ముందు మంచి కోలెసింగ్ ఫిల్టర్ (నూనె తుంపరలను చేర్చి పట్టేది) పెట్టడమే దానికి సరైన పరిష్కారం.

వ్యాసం, పీడన నష్టం, బెడ్ పైకి లేవడం

వేగం మారకూడదు కాబట్టి వ్యాసం గ్యాస్ పరిమాణపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 39 నుంచి 1000కి 25.6 రెట్లు, వర్గమూలం 5.06, వ్యాసం 506 మిల్లీమీటర్లు. టవర్ ఒక్కొక్కదానికి అల్యూమినా సుమారు 430 కిలోలు పడుతుంది. ఆరు గంటల్లో పట్టవలసిన 44.8 కిలోల నీటిని దానితో భాగిస్తే 10.4 శాతం వస్తుంది. ఈ అంకె 15 శాతాన్ని దాటిందంటే ముందు లెక్కల్లో ఎక్కడో అత్యాశ దూరిందని నేను అనుమానిస్తాను.

పీడన నష్టానికి 1952లో సబ్రి ఎర్గన్ ఇచ్చిన సమీకరణం చాలు. ఘనపు మీటరుకు 8.9 కిలోల గ్యాస్ సాంద్రత, గోళీల మధ్య 0.37 ఖాళీ భాగం, 3 మిల్లీమీటర్ల గోళీలతో మీటరుకు 3.1 కిలోపాస్కల్‌లు, మొత్తం బెడ్‌కు 8.6 కిలోపాస్కల్‌లు వస్తాయి. గోళీ సైజు సగానికి తగ్గిస్తే నష్టం 2.3 రెట్లవుతుంది.

ఇదే అంకె మరో పనికీ ఉపయోగపడుతుంది. ఒక మీటరు ఎత్తు అల్యూమినా తన బరువుతో కలిగించే ఒత్తిడి 7.5 కిలోపాస్కల్‌లు. గ్యాస్ పైకి పోయేటప్పుడు మీటరుకు నష్టం ఆ అంకెను సమీపిస్తే గోళీలు లేచి ఆడతాయి, ఒకదానితో ఒకటి రాసుకుని పిండి అవుతాయి. అందుకే ఆరబెట్టే సమయంలో గ్యాస్‌ను పైనుంచి కిందికి పంపడాన్నే నేను ఎంచుకుంటాను. మామూలు ప్రవాహం కన్నా వాల్వులు తెరిచే క్షణాలు ఎక్కువ హాని చేస్తాయి. వాతావరణ పీడనంలో ఉన్న టవర్‌కు 7 బార్ లైనును ఒక్కసారిగా తెరిస్తే, ఆ కొద్ది సెకన్లలో వేగం డిజైన్‌కు ఎన్నో రెట్లు ఉంటుంది. చిన్న బైపాస్ లైనులో ఆరిఫైస్ (సన్నని రంధ్రమున్న బిళ్ల) పెట్టి, పీడనం నిమిషానికి 3 బార్ కన్నా వేగంగా ఎక్కకుండా, దిగకుండా చూసి, రెండు టవర్లూ సమానమయ్యాకే పెద్ద వాల్వు కదిలేలా ఇంటర్‌లాక్ పెట్టాలి. పైలట్‌లో వాల్వు చేత్తో నెమ్మదిగా తిప్పుతారు కాబట్టి ఈ సమస్య అక్కడ కనబడదు.

రీజనరేషన్ వేడి

బెడ్‌ను 180 డిగ్రీలకు తీసుకెళ్లాలంటే నీటిని విడిపించడానికి 130 మెగాజౌల్‌లు, అల్యూమినాను వేడెక్కించడానికి 57, డిష్ ఎండ్‌లతో (టవర్ రెండు కొసల గిన్నె ఆకారపు మూతలు) కలిపి 400 కిలోల ఉక్కుకు 28, మొత్తం 215 మెగాజౌల్‌లు. బయటికి పోయే నష్టం దీనికి అదనం. ఉక్కు వాటా ఇక్కడ 13 శాతం. పైలట్‌లో ఫ్లాంజ్‌లు కలపకుండానే అది నాలుగో వంతుకు పైగా ఉంటుంది. కాబట్టి పైలట్ హీటరు వాడిన కరెంటును హెచ్చవేస్తే ప్లాంట్ హీటరు అనవసరంగా పెద్దదవుతుంది. గమనించండి, ఒకే గోడ ఆరబెట్టేటప్పుడు కాలమ్‌ను ఉన్నదానికన్నా మెరుగ్గా చూపిస్తుంది, రీజనరేషన్‌లో ఉన్నదానికన్నా అధ్వానంగా చూపిస్తుంది.

వేడి గాలిని ఆరబెట్టే దిశకు ఎదురుగా, కింది నుంచి పైకి పంపాలి. టవర్ కింది కొసే చివరి మెరుగు పెట్టే భాగం. అది అన్నింటికన్నా పొడిగా తయారవ్వాలి. ఆపే సమయాన్ని గడియారానికి వదిలేయకుండా, బయటకు వచ్చే గాలి ఉష్ణోగ్రతను చూసి నిర్ణయించాలి. నీరు పోతున్నంత సేపూ అది ఒక మెట్టు మీద నిలబడి, నీరు అయిపోగానే వేగంగా ఎక్కుతుంది. చల్లబరచడానికి పొడి గాలినే వాడాలి. తడి గాలిని కింది నుంచి పంపితే అంత కష్టపడి ఆరబెట్టిన కొసనే మళ్లీ తడుపుకున్నట్టవుతుంది.

నింపడం, తొలి పరీక్ష

వ్యాసం పెరిగేకొద్దీ గ్యాస్ సమానంగా పరుచుకోవడం కష్టమవుతుంది. ప్రవేశపు నాజిల్ నుంచి వచ్చే ధార నేరుగా బెడ్ మీద పడితే అక్కడ గుంట పడి, గ్యాస్ అంతా ఆ దారినే పడుతుంది. నాజిల్ కింద బ్యాఫిల్ (ధారను చెదరగొట్టే అడ్డుపలక), బెడ్ మీద మెష్, దానిపై సిరామిక్ బాల్స్ పొర తప్పనిసరి. కింద గ్రిడ్ మీద మెష్ అంచు గోడకు గట్టిగా ఆనకపోతే గోళీలు ఆ సందులోంచి జారి కింది ఫిల్టర్‌లో చేరతాయి.

నింపేటప్పుడు గొట్టపు సంచీతో, ఎక్కువ ఎత్తు నుంచి పడకుండా, చుట్టూ తిప్పుతూ పోయాలి. మధ్యలో కుప్పపోసి పారతో సర్దితే పిండి అంతా ఒకచోట, గోళీలు మరోచోట చేరతాయి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో డ్రమ్ము మూత తెరిచి మధ్యాహ్న భోజనానికి వెళ్లి వస్తే చాలు, ఆ అల్యూమినా నీరు తాగడం మొదలుపెట్టి ఉంటుంది. తెరిచిన డ్రమ్మును వెంటనే పోయాలి, వానలో ఈ పని పెట్టుకోకూడదు, నింపడం పూర్తవగానే నీళ్లలో తడవకుండా టవర్ మూసి మొదటి రీజనరేషన్ మామూలు కన్నా ఎక్కువ సేపు చేయాలి.

ప్లాంట్ నడక మొదలైన వారంలోపే ఒక టవర్‌ను ఆరు గంటల దగ్గర ఆపకుండా, బ్రేక్‌త్రూ వచ్చేదాకా నడిపి చూడాలి. ఆ సమయంలో వినియోగదారులకు తడి గాలి వెళ్లకుండా రెండో టవర్‌ను సిద్ధంగా ఉంచుకోవాలి. మన లెక్క ప్రకారం కొత్త అల్యూమినాతో 2.78 మీటర్ల బెడ్ (2.78 − 0.32) ÷ 0.267, అంటే సుమారు 9.2 గంటలు ఆగాలి. ఏడు గంటలకే తేమ కనబడితే ఒకే ఎత్తులో మధ్యనా గోడ పక్కనా ఉన్న థెర్మోకపుల్‌లను పోల్చాలి. వేడి తరంగం గోడ పక్కన ముందుగా దిగిందంటే గ్యాస్ పక్కదారి పడుతోంది, టవర్ తెరిచి బెడ్ పైభాగం చూడాలి. రెండు చోట్లా ఒకేసారి దిగితే ప్రవాహంలో లోపం లేదు. లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, సెపరేటర్ (గాలిలోని నీటి చుక్కలను వేరుచేసే పాత్ర) డ్రెయిన్, రీజనరేషన్ చివర చేరిన ఉష్ణోగ్రత, ఈ మూడింటినీ ఇదే వరుసలో తనిఖీ చేయాలి. ఆ రోజు వచ్చిన గంటల అంకెను లాగ్‌బుక్ మొదటి పేజీలో రాసి ఉంచి, ఏడాదికొకసారి అదే పరీక్ష చేసి పక్కన నమోదు చేస్తే, అల్యూమినా ఎప్పుడు మార్చాలో తేల్చడానికి మరో ఆధారం వెతుక్కోనక్కరలేదు.